పాలు, పటిక, చిరివేరు

నూలుబట్టకు రంగు పట్టించడం మహా కష్టం. ఉన్ని, పట్టు జంతువుల నుంచి వచ్చే పోగులు. వాటి నిండా ప్రోటీన్లే కాబట్టి లోహ లవణాలూ రంగులూ వాటిని ఇట్టే పట్టుకుంటాయి. పత్తిపోగు అలా కాదు, అది దాదాపు మొత్తం సెల్యులోజే. వేళ్ళ నుంచీ బెరళ్ళ నుంచీ తీసిన రంగుల్లో చాలా భాగం దాని మీద ఊరికే కూర్చుంటాయి తప్ప అతుక్కోవు. రెండు ఉతుకులకే వెలిసిపోతాయి. పదిహేడో శతాబ్దపు యూరప్‌లో ఉన్నికీ పట్టుకీ రంగులు వెయ్యడంలో ఆరితేరినవాళ్ళకు కొదవ లేదు. కానీ తెల్లని నూలుబట్ట మీద ఎర్రని పువ్వు వేసి, ఎన్ని ఉతుకులు పడినా అది వెలవకుండా నిలబెట్టే విద్య వాళ్ళ దగ్గర లేదు.

మచిలీపట్నం అనే బందరులో అది రోజువారీ పని. గోల్కొండ సుల్తానుల కాలంలో కృష్ణా డెల్టా తీరాన అద్దిన బట్టలు పర్షియాకు వెళ్ళాయి, సయాంకూ జావాకూ వెళ్ళాయి. మొగలు దర్బారుకూ చేరాయి. ఔరంగజేబు కొలువును కళ్ళారా చూసిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, అక్కడి పెద్ద డేరాకు లోపలివైపు మచిలీపట్నం బట్ట కట్టారనీ, దాని మీది పూలు చూస్తే తోటలో నిలబడినట్టుందనీ రాశాడు.

ఈ బట్టల కోసమే తెల్లవాళ్ళు ఒకరి వెనక ఒకరు ఈ తీరానికి వచ్చారు. డచ్చివాళ్ళు 1605లో బందరులోనూ, 1606లో నిజాంపట్నంలోనూ దిగారు. నిజాంపట్నాన్ని వాళ్ళు పేటపోలి అనేవారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. ఫ్రెంచివాళ్ళకు 1669లో బందరులో కోఠీ పెట్టుకునేందుకు గోల్కొండ సుల్తాను నుంచి ఫర్మానా సంపాదించిపెట్టినవాడు మార్కారా అనే అర్మేనియన్. అర్మేనియన్ల పేరు గుర్తుపెట్టుకోండి, ఈ కథలో మళ్ళీ వస్తుంది.

1618 నుంచి 1622 దాకా బందరు ఇంగ్లీషు కోఠీలో పెద్దగా ఉన్న విలియం మెథ్‌వోల్డ్, గోల్కొండ రాజ్యం గురించి రాసినది 1626లో లండన్‌లో అచ్చయింది. ఈ దేశంలోనే దొరికే ఒక వేరుతో ఆ ఎరుపు వస్తుందని అందులో ఉంది. అంటే బందరు ఎరుపుకు అసలు సరుకేమిటో 1626 నాటికే లండన్‌కు తెలుసు. ఆ వేరును మనవాళ్ళు చిరివేరు అంటారు, ఇంగ్లీషువాళ్ళు ‘చాయ్’ వేరు అన్నారు. ఇసకనేలల్లో, సముద్రానికి దగ్గరగా పెరిగే చిన్న మొక్క అది. పేరు తెలిసింది, ఊరు తెలిసింది. అయినా బట్ట తయారయ్యే పద్ధతి పూర్తిగా కాగితం మీదికెక్కి యూరప్ చేరడానికి ఇంకో నూరేళ్ళు పైనే పట్టింది. ఈ అధ్యాయంలో మనం చూడబోయేది ఆ నూరేళ్ళ ఆలస్యం ఎందుకో, పద్ధతి కాగితం మీదికెక్కాక ఏం జరిగిందో.

గుట్టు ఎక్కడుంది?

బందరు అద్దకానికి కాపలావాళ్ళు లేరు, తాళాలు లేవు. పని ఆరుబయటే జరిగేది. కాలువ గట్ల మీద, ఇసక తిన్నెల మీద బారులు బారులుగా ఆరేసిన బట్టలు దారిన పోయే ఎవరికైనా కనిపించేవి. అయినా గుట్టు బయటికి పొక్కలేదంటే దానికి నాకు తోచే కారణం ఒకటి: అది మొత్తంగా ఏ ఒక్కరి దగ్గరా లేదు. బట్ట నేసేవాళ్ళు ఒకరు. దాన్ని ఉతికి తెల్లబరిచేవాళ్ళు వేరు. గీత గీసి, రంగు పట్టించే మందులైన కారాలు అద్దేవాళ్ళు వేరు. నీలిమందు తొట్లలో ముంచేవాళ్ళు పూర్తిగా మరొకరు. ఎవరి పని వాళ్ళకు తండ్రి దగ్గర కొడుక్కి చేతితో వచ్చింది, కాగితం మీద ఏ ముక్కా లేదు. ఒక పనివాణ్ణి పట్టుకుని ఎంత అడిగినా వచ్చేది కథలో ఒక భాగమే.

ఈలోగా యూరప్‌లో గొడవ ముదిరింది. మన బట్టల మోజులో పడి జనం అక్కడి ఉన్నిబట్టా పట్టుబట్టా మానేస్తున్నారని నేతగాళ్ళు తిరగబడ్డారు. ఫ్రాన్సు 1686లో ఈ బట్టల దిగుమతినీ, వాటిని అనుకరించి అద్దడాన్నీ రెండింటినీ నిషేధించింది. ఇంగ్లండులో 1700లో దిగుమతి మీద చట్టం వచ్చింది. అది చాలక 1719లో లండన్ నేతగాళ్ళు వీధిలో అద్దకపు బట్ట కట్టుకున్న ఆడవాళ్ళ ఒంటి మీది దుస్తులు చింపేశారు. 1721లో కట్టుకోవడమే నేరమంటూ మరో చట్టం చేశారు. అంత గిరాకీ ఉన్న సరుకును సొంత ఊళ్ళో తయారుచేసుకోగలిగితే ఎంత లాభమో ప్రభుత్వాలకు తెలియనిది కాదు. ఫ్రాన్సులో ఒకవైపు నిషేధం నడుస్తుండగానే మరోవైపు ఆ విద్య కోసం వెతుకులాట సాగింది.

1734 ప్రాంతంలో పాండిచ్చేరిలో ఉన్న బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి, పారిస్‌లో రంగుల మీద పరిశోధన చేస్తున్న ద్యుఫే అనే శాస్త్రవేత్త కోసం ఒక పని చేశాడు. ఒక బట్ట తయారవుతుండగా దగ్గర కూర్చుని చూశాడు. ప్రతి దశ పూర్తికాగానే బట్టలోంచి ఒక ముక్క కత్తిరించి దాచాడు. ఏ దశలో ఏం చేశారో పక్కన రాశాడు. ఆ రాతప్రతీ, ఆ ముక్కలూ ఇప్పటికీ పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. పారిశ్రామిక గూఢచర్యం చరిత్రలో ఇంత శాస్త్రీయంగా చేసిన పని అరుదు. మాటల్లో రాసినది అబద్ధం కావచ్చు, పొరపాటు కావచ్చు. బట్ట ముక్క అబద్ధం చెప్పదు.

ఎనిమిదేళ్ళ తర్వాత, 1742 జనవరిలో, గాస్తోఁ లొరాఁ కుర్దూ అనే జెస్విట్ మతగురువు బందరూ పాండిచ్చేరీ ఉన్న ఇదే కోరమాండల్ తీరం నుంచి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. కుర్దూ సామాన్యుడు కాడు. తెలుగు బాగా నేర్చుకున్నాడు, తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ చుట్టరికం ఉందని 1767లో, విలియం జోన్స్ కంటే దాదాపు ఇరవయ్యేళ్ళ ముందే, పారిస్ పండితులకు రాసి పంపాడు. అద్దకపు పని తెలిసినవాళ్ళు కొందరు ఆయన దగ్గర మతం పుచ్చుకున్నారు. వాళ్ళను అడిగి, బట్టను తెల్లబరిచే దగ్గర నుంచి ఆఖరి ఉతుకు దాకా అన్నీ తెలుసుకుని రాసి పంపాడు. ఆ ఉత్తరం అచ్చయింది, యూరప్ అంతా చదివింది. దాన్ని పట్టి పట్టి చదివి వ్యాఖ్యలు రాసినవాళ్ళలో పియెర్ పువావ్ర్ ఒకడు. డచ్చివాళ్ళ గుత్తాధిపత్యంలో ఉన్న లవంగం, జాజికాయ మొక్కలను దొంగచాటుగా తెప్పించి 1770లో మారిషస్‌లో నాటించిన మనిషి ఆయనే.

కుర్దూకు ముందే ఒక జెస్విట్ ఇలాంటి పని చేసి ఉన్నాడు. చైనాలోని జింగ్‌డెజెన్ నుంచి దాంత్రకోల్ అనే గురువు 1712లో పింగాణీ చేసే పద్ధతి రాసి పంపాడు. ఆ ఉత్తరం అచ్చయిన సంపుటాల వరసలోనే కుర్దూ ఉత్తరమూ వచ్చింది. మతప్రచారం కోసం వెళ్ళిన గురువులు ఊళ్ళలో కలిసిపోయి, భాష నేర్చి, జనం నమ్మకం సంపాదించేవారు. కోఠీ గుమస్తాకు చెప్పని మాట వాళ్ళకు చెప్పడం పనివాడికి సహజమే.

కనబడని పటిక

ఇంతకీ వాళ్ళు తెలుసుకున్నదేమిటి? ఇప్పటికీ బందరు పక్కన పెడనలో చేసే పనికీ, ఆ ఉత్తరాల్లో ఉన్నదానికీ మూలసూత్రం ఒకటే కాబట్టి దగ్గరగా చూద్దాం.

బట్టను గంజి పోయేదాకా ఉతికి, పేడనీళ్ళలో నానేసి, ఎండలో తడుపుతూ ఆరేసి తెల్లబరుస్తారు. తర్వాత కరక్కాయ వంతు. ఎండు కరక్కాయలు దంచి, ఆ పొడిని గేదెపాలలో కలిపి, బట్టను ముంచి పిండి ఆరేస్తారు. బట్ట లేత పసుపుకు తిరుగుతుంది, పాలవాసన కొడుతుంది. పైకి చూస్తే ఇదేదో చాదస్తంలా ఉంటుంది. నిజానికి ఇందులో రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. కరక్కాయలోని టానిన్లు సెల్యులోజును పట్టుకుంటాయి, రేపు వచ్చే లోహాన్నీ పట్టుకుంటాయి. పత్తికి పుట్టుకతో లేని పట్టు వాటివల్ల వస్తుంది. ఇక పాలలోని కొవ్వు, మీద పెట్టిన ద్రవం పోగు వెంబడి పాకకుండా ఆపుతుంది. సన్నటి గీత సన్నగానే నిలవడం ఆ పాల చలవే.

నలుపు కోసం ఒక కుండలో తుప్పుపట్టిన ఇనపముక్కలు, తాటిబెల్లం, నీళ్ళు వేసి రోజుల తరబడి పులియనిస్తారు. పులుపులో పుట్టిన ఆమ్లాలు ఇనుమును కరిగిస్తాయి. దీన్నే కసీం అంటారు. కరక్కాయ పట్టిన బట్ట మీద కసీం పడగానే, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి రాతసిరా చేసుకున్న రోజులు మన తాతలకు గుర్తే. అదీ ఇదీ ఒకే రసాయనం.

ఎరుపు దగ్గరే అసలు విద్య. ఎర్రని పువ్వు రావలసిన చోట పెట్టేది ఎర్రరంగు కాదు, పటిక నీళ్ళు. పటికకు రంగు లేదు. ఎక్కడ పెట్టారో కనబడటానికి ఉతికితే పోయే రంగేదో కాస్త కలుపుతారు. కొన్ని రోజులు ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించి, పోగును పట్టుకోని పటికంతా వదిలిస్తారు. అప్పుడు బట్టను చిరివేరు నీళ్ళలో వేసి ఉడికిస్తారు. నీళ్ళు వేడెక్కేకొద్దీ, ఖాళీగా ఉన్న బట్ట మీద ఎర్రని పూలు ఒక్కొక్కటే పైకి వస్తాయి. పటిక ఉన్నచోట రంగు అతుక్కుంటుంది, లేనిచోట పట్టీ పట్టని గులాబిచాయ మిగులుతుంది. పేడనీళ్ళూ ఎండా మళ్ళీ తగిలితే ఆ చాయ పోయి నేల తెల్లబడుతుంది.

అంటే బందరు పనివాడు బట్ట మీద బొమ్మను రంగుతో గియ్యలేదు. రంగు ఎక్కడ నిలవాలో గీశాడు. ఈ మలుపు బుర్రకెక్కితే మిగతాదంతా తేలికవుతుంది. ఒకే కాగులో, ఒకే వేరు నీళ్ళలో, పటిక పెట్టిన చోట ఎరుపు, పటికా కసీం కలిపిన చోట ముదురు గోధుమరంగు వస్తాయి. ఈ సూత్రం చాలా పాతది కూడా. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, ఈజిప్టువాళ్ళు బట్ట మీద రంగులేని మందులు పూసి ఒకే రంగుకాగులో ముంచితే అది పలు రంగులతో బయటికి వస్తుందని ఆశ్చర్యపోతూ రాశాడు.

చిరివేరులోని రంగుపదార్థం పేరు అలిజరిన్. యూరప్‌లో మాడర్ అనే మొక్క వేరులో ఉన్నదీ అదే. మన మంజిష్ఠ దానికి దగ్గరి చుట్టం. అలిజరిన్ అల్యూమినియంతో కట్టుబడితే నీళ్ళలో కరగని ఎర్రని పదార్థం పోగుల్లోనే పుడుతుంది. అందులో కాల్షియం కూడా చేరితే ఆ ఎరుపు నిగ్గు తేలుతుంది, గట్టిపడుతుంది. ఇక్కడ కృష్ణా డెల్టా తీరం తన వంతు పని చేసింది. గవ్వలూ నత్తగుల్లలూ నలిగి కలిసిన ఇసకలో సున్నం పాలు ఎక్కువ. ఆ ఇసకలో పెరిగిన చిరివేరుకు మంచి పేరు. కాల్షియం అనే మాట ఎవరికీ తెలియని రోజుల్లోనే, ఏ దిబ్బ మీది వేరు మంచి ఎరుపు ఇస్తుందో ఇక్కడివాళ్ళకు తెలుసు.

ఉత్తరంలో ఇమడనిది

బోల్యూ ముక్కలూ కుర్దూ ఉత్తరమూ చేరాక ఫ్రాన్సు రాత్రికి రాత్రి బందరు అయిపోయిందా? కాలేదు. ఉత్తరంలో గేదెపాలు అని ఉంది, ఎంత చిక్కటివో లేదు. పారే నీళ్ళు అని ఉంది, ఏ ఏటి నీళ్ళో లేదు. పటిక నీళ్ళు నాలిక మీద వేసుకుని చాలో చాలదో చెప్పే పనివాడు ఆ కాగితంలో లేడు. పైగా ఒక బట్టకు వారాల తరబడి కూర్చుని కలంతో గీసే పద్ధతి, కూలి రేట్లు ఎక్కువగా ఉన్న యూరప్‌లో గిట్టుబాటు కాదు.

నిజం చెప్పాలంటే యూరప్ అద్దకం ఆ ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. 1672లోనే మార్సెయ్ రేవులో అద్దకం నేర్పడానికి అర్మేనియన్లను పనిలో పెట్టుకున్నారు. గోల్కొండ నుంచి పర్షియా మీదుగా టర్కీ దాకా సాగిన బట్టల వ్యాపారంలో అర్మేనియన్లది పెద్ద చెయ్యి. మనుషులు నడిచొచ్చినప్పుడు విద్య వాళ్ళ చేతుల్లో వస్తుంది. ఆ దారిలో వచ్చింది కొంత, ఉత్తరాల్లో వచ్చింది కొంత. రెండూ కలిపి యూరప్‌వాళ్ళు బందరును నకలు చెయ్యలేదు, వేరే దాన్ని తయారుచేశారు. పటిక నీళ్ళకు జిగురు కలిపి చిక్కబరిచారు. పాలు లేకుండానే అది పాకకుండా నిలిచింది. కలం వదిలేసి చెక్క అచ్చులు పట్టారు. 1752లో డబ్లిన్ దగ్గర ఫ్రాన్సిస్ నిక్సన్ రాగిరేకు మీద చెక్కి అద్దాడు. 1783లో థామస్ బెల్ తిరిగే రాగి రోలరుకు పేటెంటు తీసుకున్నాడు. ఒక మనిషి వారం రోజుల్లో చేసేది రోలరు పూటలో చేసేసింది.

ఫ్రాన్సు 1759లో నిషేధం ఎత్తేసింది. సరిగ్గా ఆ ఏడే ఏప్రిల్‌లో ఇంగ్లీషు సైన్యం బందరు కోటను ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి గుంజుకుంది. బందరు బట్ట దొరికే రేవు పోయిన ఏడాదే, అలాంటి బట్ట ఇంట్లో చేసుకోవడానికి ఫ్రాన్సులో తలుపు తెరుచుకుంది. ఆ మరుసటేడు ఓబెర్‌కాంఫ్ అనే జర్మన్ యువకుడు వెర్సాయ్ దగ్గర జూయీ అనే ఊళ్ళో, బియెవ్ర్ ఏటి ఒడ్డున ఫ్యాక్టరీ పెట్టాడు. అక్కడా మొదట వెతుక్కున్నది మంచి నీరే.

జూయీ ఫ్యాక్టరీ చరిత్రలో ఒక కథ చెబుతారు. ఇంగ్లండు ఫ్యాక్టరీల గుట్టు తెలుసుకోవడానికి వెళ్ళిన ఓబెర్‌కాంఫ్ కుటుంబం మనిషి, తను చూసినదంతా పటిక నీళ్ళతో తెల్లబట్ట మీద రాసుకున్నాడట. రేవులో సోదా చేసినవాళ్ళకు కనిపించినవి ఉత్త బట్టపేలికలు. ఇంటికొచ్చి మాడర్ నీళ్ళలో ఉడికించగానే అక్షరాలు ఎర్రగా బయటపడ్డాయి. ఈ కథలో అతిశయోక్తి ఎంతున్నా రసాయనం మాత్రం అక్షరాలా నిజం. కోరమాండల్ పనివాళ్ళ ఒడుపు అక్కడ గూఢచారి సిరాగా మారింది.

అసలు సిసలు గూఢచారి ఒకడు కూడా ఈ రంగుల చరిత్రలో ఉన్నాడు. ఎడ్వర్డ్ బాన్‌క్రాఫ్ట్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో పారిస్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పక్కన కూర్చుని పనిచేస్తూ, అక్కడి రహస్యాలన్నీ బ్రిటన్‌కు చేరవేశాడు. ఆయన రంగుల రసాయనవేత్త కూడా. వెలవని రంగుల మీద 1794లో వేసిన పెద్ద గ్రంథంలో మన తీరపు అద్దకం గురించి వివరంగా చర్చించాడు. ఆ మరుసటేడే, సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కలు సేకరించిన విలియం రాక్స్‌బరో, కోరమాండల్ తీరపు మొక్కల మీద తెచ్చిన గ్రంథంలో చిరివేరు మొక్క బొమ్మ, సాగు, అద్దకంలో వాడే తీరు అన్నీ ప్రచురించాడు. దాంతో మొక్క కూడా గుట్టు కాకుండా పోయింది.

ఆఖరి దెబ్బ మాత్రం దొంగతనం వల్ల తగల్లేదు. అర్థం చేసుకోవడం వల్ల తగిలింది. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు తారులో దొరికే ఆంత్రసీన్ నుంచి అలిజరిన్ తయారుచేశారు. 1869 జూన్‌లో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ పక్షాన వాళ్ళూ, ఇంగ్లండులో పెర్కిన్ అనే రసాయనవేత్తా, ఒక్క రోజు తేడాతో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నారు. వేరుతోనూ ఇసకతోనూ గవ్వలతోనూ ఇక పని లేదు. డబ్బాల్లో అలిజరిన్ మన రేవుల్లోనే దిగింది, చిరివేరు కంటే చవగ్గా. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో చిరివేరు తవ్వడమే మానేశారు. ఇవాళ పెడనలో రాగి గంగాళంలో జాజి ఆకుతో కలిపి బట్ట ఉడికించే చోట ఎక్కువగా పడేది ఆ అలిజరిన్ పొడే.

పద్ధతి ఎంత రాసుకున్నా అర్థం తెలియకపోతే చేతికి రాదనడానికి మరో తెలుగు ఊరు సాక్ష్యం. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో చేసే ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు అక్కడికే వచ్చి కొనుక్కెళ్ళేవారు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ ఊరు చూసిన వాయ్‌సీ అనే భూగర్భ శాస్త్రవేత్తకు, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన తమ దేశంలో ఆ ఉక్కు చెయ్యబోయి విఫలమయ్యామని చెప్పాడు. కొలిమి పక్కనే నిలబడి చూసినవాళ్ళకే అది చేతకాలేదు. లండన్‌లో ఫారడే అంతటివాడు మన ఉక్కు నమూనాల మీద ప్రయోగాలు చేశాడు. అది పూర్తిగా మరో అధ్యాయం.

ఎవరి పేరు మిగిలింది

ఇదంతా దొంగతనమేనా అని విద్యార్థులు అడుగుతుంటారు. ఆనాడు వృత్తి రహస్యాన్ని కాపాడే చట్టం ఈ తీరంలో లేదు కాబట్టి నేరమనడానికి లేదు. కుర్దూ దాచిందీ లేదు, తన కొత్త క్రైస్తవుల దగ్గర తెలుసుకున్నానని తనే రాశాడు. నన్ను బాధించేది వేరే. బోల్యూ పేరు మిగిలింది, ద్యుఫే పేరు మిగిలింది, కుర్దూ పేరు మిగిలింది. ఓపిగ్గా ఒక్కో దశా చేసి చూపించి, అడిగినదానికల్లా జవాబు చెప్పిన పనివాడి పేరు ఒక్కటీ మనకు దక్కలేదు. ఆయన తెలుగువాడో తమిళుడో కూడా తెలియకుండా పోయింది. ఆ విద్య మీద ఎన్నో ఫ్యాక్టరీలు బతికాయి. అందులో ఆయన వాటా సున్నా.

నేటి చట్టం ఆ లోటును కొంత పూడ్చబోయింది. ఇప్పుడు కలంకారీ అని పిలిచే ఈ అద్దకానికి మచిలీపట్నం కలంకారీ పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వృత్తి రహస్యానికీ ఈ గుర్తింపుకూ పునాదిలోనే తేడా ఉంది. రహస్యం దాచినంతకాలమే ఆస్తి. భౌగోళిక గుర్తింపు కావాలంటే ఏ సరుకు, ఏ ప్రాంతం, ఏ పద్ధతి అన్నీ దరఖాస్తులో రాసి బయటపెట్టాలి. పద్ధతి ఎవరైనా చదువుకోవచ్చు, పేరు మాత్రం వాడుకోకూడదు. గుట్టు ఎప్పుడో పోయిన పెడనకు ఇదే సరైన రక్షణ అని నా అభిప్రాయం. వృత్తి రహస్యాల మీద మన దేశంలో ఇప్పటికీ విడిగా చట్టం లేదు. ఒప్పందాల చట్టంతోనూ కోర్టు తీర్పులతోనూ నెట్టుకొస్తున్నారు. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో దీనికో ప్రత్యేక చట్టం కావాలని సిఫార్సు చేసి, ముసాయిదా బిల్లు కూడా జతచేసింది. అది కంపెనీల ఫార్ములాలకు పనికొస్తుంది. ఊరంతటికీ తెలిసిన విద్యకు పనికిరాదు.

పెడనవాళ్ళకు నేటి బెడద విద్యను ఎత్తుకుపోయేవాడితో కాదు, పేరునూ బొమ్మనూ ఎత్తుకుపోయేవాడితో. టేకుచెక్క మీద రోజుల తరబడి చెక్కిన అచ్చు డిజైన్‌ను ఫోటో తీసి, ఎక్కడో మిల్లులో వేల మీటర్లు స్క్రీను మీదో యంత్రం మీదో కొట్టి, కలంకారీ పేరుతో బెజవాడ బట్టల కొట్లలోనే అమ్ముతారు. పక్కనే అసలు బట్ట మూడింతల ధరకు ఉంటే కొనేవాడు చవకదే తీసుకుంటాడు. అసలు బట్టకు ధర ఊరికే రాలేదు, దాన్ని జాడించడానికి పారే నీళ్ళు కావాలి. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ డెల్టాకు కాలువలిచ్చాయి. పొలాలు తడిపే ఆ కాలువ నీళ్ళలోనే అద్దకంవాళ్ళు బట్ట జాడిస్తారు. కాలువల్లో నీరు లేకపోతే వాళ్ళకు ఉతుకు ఆగుతుంది, ఉతుకు ఆగితే ఎరుపు ఆగుతుంది. మిల్లుకు ఆ ఇబ్బంది లేదు.

కొనేవాళ్ళు తేడా పట్టడానికి రసాయనం సాయపడుతుంది. మొదట బట్టను పొడవునా పరిచి ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ వచ్చే చోట్లు చూడండి. చేత్తో అచ్చు వేసినదైతే అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు ఎక్కడో వెంట్రుకవాసి జరిగి ఉంటుంది, ఒక పువ్వు కాస్త ముదురుగా, పక్కది కాస్త లేతగా ఉంటుంది. యంత్రం కొట్టినదాంట్లో అన్నీ ఒక్క తీరున ఉంటాయి. తర్వాత బట్టను వెనక్కి తిప్పండి. చవకబారు స్క్రీను ప్రింటులో రంగుపొడి జిగురుతో కలిసి పైన పొరలా కూర్చుంటుంది కాబట్టి వెనకవైపు చాలావరకు వెలవెలబోతుంది, వేలితో తడిమితే ఆ పొర బిరుసుగా తగులుతుంది. పటిక పట్టిన చోట పుట్టిన ఎరుపు పోగు లోపలే ఉంటుంది. అందుకే అది వెనకవైపు కూడా కనిపిస్తుంది.